డాలస్ ఎంత దూరం రా బిడ్డా?

పోయిన జనవరిలో ఒక మంగళవారం తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకి మా తాతయ్య పోయారు. కొండాపూర్‌లో మా ఫ్లాట్‌లోనే, నిద్రలోనే. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ముందు చేసిన పని అన్నకి ఫోన్ చేయడం. అన్న డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడ అప్పటికి సోమవారం సాయంత్రం 5:40. ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. "వస్తున్నా, ఆపండి" అన్నాడు. అంతే.

ఫోన్ పెట్టేశాక నాయనమ్మ నా వైపు తిరిగి అడిగింది. "డాలస్ ఎంత దూరం రా బిడ్డా? ఎంత సేపట్ల వస్తడు?"

నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇంట్లో లెక్కలన్నీ నాకే అప్పజెప్తారు. ఫోన్ తీసి చూశాను. దూరం 14,420 కిలోమీటర్లు. విమానం వేగం గంటకి 900. భాగిస్తే 16. అప్పుడు టైమ్ ఐదున్నర. "రాత్రి పదింటికల్లా వస్తాడు నాయనమ్మా" అన్నాను.

అన్న ఇంట్లో అడుగు పెట్టింది మర్నాడు, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి. తాతయ్య పోయిన క్షణం నుంచి లెక్కేస్తే 31 గంటల 50 నిమిషాలు. నేను చెప్పిన 16 కి దాదాపు రెట్టింపు.

ఏడింటికల్లా అన్న టిక్కెట్ వివరాలు పంపాడు. నాన్నకి చెప్పాను, నాన్న చుట్టాలందరికీ చెప్పాడు. బుధవారం మధ్యాహ్నం మూడింటికి మహాప్రస్థానంలో అని అనుకున్నారు. నాయనమ్మకి చెప్పడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. రాత్రి పది అయ్యేసరికి ఆమె ఫ్రీజర్ బాక్స్ పక్కన లేచి కూర్చుని తలుపు వైపు చూడటం మొదలుపెట్టింది. "పది కొట్టింది కద రా?" అంది. అప్పుడు చెప్పాను, రేపు మధ్యాహ్నం అని. ఆమె ఏమీ అనలేదు. పడుకోలేదు కూడా.

నా భాగహారం తప్పు కాదు. దూరం సరిగ్గానే ఉంది, వేగం సరిగ్గానే ఉంది. అయినా జవాబు తప్పు. ఎందుకు తప్పిందో తెలుసుకోవాలని తర్వాత రోజుల్లో కూర్చుని లెక్క మళ్ళీ చేశాను. మన క్లాసులో సగం మందికి అన్నో అక్కో బావో అటువైపు ఉన్నారు. రేపు ఎవరింట్లోనైనా ఈ ప్రశ్న మనల్నే అడుగుతారు. అందుకే రాస్తున్నాను.

ముందు దూరం సంగతి

గోడ మీద ప్రపంచ పటం ముందు నిలబడి స్కేలు పెట్టి హైదరాబాద్ నుంచి డాలస్‌కి గీత గీయండి. అరేబియా, ఆఫ్రికా పైభాగం, అట్లాంటిక్ మీదుగా పడమటికి పోతుంది. ఆ గీత మీదే ప్రయాణిస్తే సుమారు 17,700 కిలోమీటర్లు అవుతుంది. కానీ అది దగ్గరి దారి కాదు. మనం స్కూల్లో చూసిన పటం 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడ నావికుల కోసం గీసిన పద్ధతిది. దిక్కులు సరిగ్గా చూపించడానికి దూరాల్ని బలి ఇస్తుంది. ధ్రువాల దగ్గరికి పోయేకొద్దీ అన్నిటినీ సాగదీస్తుంది.

ఇప్పుడు ఒక గ్లోబు, ఒక దారం తీసుకోండి. గ్లోబు లేకపోతే బత్తాయి మీద రెండు చుక్కలు పెట్టుకున్నా చాలు. దారాన్ని రెండు ఊళ్ళ మధ్య బిగించి లాగితే అది తనంతట తానే దగ్గరి దారి వెతుక్కుంటుంది. ఆ దారాన్ని అలాగే చుట్టూ పొడిగిస్తే గోళాన్ని సరిగ్గా రెండు సగాలు చేసే వృత్తం వస్తుంది. దీన్నే మహావృత్తం అంటారు, గ్రేట్ సర్కిల్ అన్నమాట. గోళం మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా అతి దగ్గరి దారి ఇదే.

దూరం కట్టడానికి ఎంసెట్ కోసం బట్టీ పట్టిన ట్రిగనామెట్రీ సరిపోతుంది. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 32.90 ఉత్తరం, 97.04 పశ్చిమం. రేఖాంశాల మధ్య తేడా 175.47 డిగ్రీలు. రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్‌లు, రేఖాంశాల తేడా కొసైన్, ఈ మూడూ గుణించి దానికి కలపండి. మైనస్ 0.638 వస్తుంది. ఏ కోణానికి ఆ కొసైన్ ఉంటుందో చూస్తే 129.7 డిగ్రీలు. భూమి చుట్టుకొలత సుమారు 40,030 కిలోమీటర్లు కాబట్టి మహావృత్తం మీద ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. గుణిస్తే సుమారు 14,420. పటం మీద గీసిన గీత కంటే 3,200 కిలోమీటర్లకి పైగా తక్కువ.

అసలు ఆశ్చర్యం దూరం కాదు, దారి. రేఖాంశాల తేడా 180కి అంత దగ్గరగా ఉందంటే డాలస్ దాదాపుగా మన వెనకవైపు ఉందన్నమాట. అలాంటప్పుడు దగ్గరి దారి గోళం నెత్తి మీదుగా పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కి బిగించిన దారం దాదాపు నేరుగా ఉత్తరానికి లేచి, 85 డిగ్రీల అక్షాంశం దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 525 కిలోమీటర్ల దూరంలోంచి పోయి, కెనడా మీదుగా దిగుతుంది. అంటే అమెరికా మనకి పడమర కాదు, తూర్పూ కాదు. ఉత్తరం. ఈ సంగతి పదకొండో రోజు నాయనమ్మకి బత్తాయి మీద చూపిస్తే కాసేపు దాన్నే చూసి "అయితే ఉత్తరం దిక్కు తల పెట్టి పండొద్దంటరు, వాడు ఉన్నది ఆ దిక్కేనా" అంది.

మరి ఆ దారిన ఎందుకు రాలేదు?

ఎందుకంటే ఈ జనవరికి డాలస్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా వచ్చే విమానమే లేదు. అన్నకి దొరికింది లండన్ మీదుగా.

నేరుగా అమెరికాకి విమానం హైదరాబాద్‌కి అసలు ఎప్పుడూ లేదని కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. మన ఊరి నుంచి అమెరికాకి ఆగకుండా పోయిన మొదటి సర్వీసు అది. దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. ఎక్కువ కాలం నిలవలేదు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి నాన్‌స్టాప్ వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, మరో ఇద్దరు, నలుగురూ మహిళా పైలట్లే. ఉత్తర ధ్రువం మీదుగా సుమారు 17 గంటలు నడిపి తీసుకొచ్చారు.

ఆ విమానం బోయింగ్ 777-200ఎల్‌ఆర్. దాని ట్యాంకుల్లో 1,81,283 లీటర్ల ఇంధనం పడుతుంది. బరువు చూస్తే దాదాపు 145 టన్నులు. విమానం నేల వదిలేటప్పుడు ఉండగలిగే గరిష్ఠ బరువు 347 టన్నుల పైచిలుకు. అంటే నలభై శాతం ఇంధనమే. చాలా దూరం పోవాలంటే చాలా ఇంధనం మోయాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్ళీ ఇంధనం కాల్చాలి. మొదటి గంటల్లో కాలే దాంట్లో చాలా భాగం చివరి గంటల కోసం మోస్తున్న ఇంధనం వల్లే. అందుకే ఒక పొడుగు ప్రయాణం కంటే మధ్యలో ఆగే రెండు ప్రయాణాలు కంపెనీకి చవక పడొచ్చు. పైగా పదహారు, పదిహేడు గంటలు ఇద్దరు పైలట్లు నడపలేరు, నలుగురు కావాలి.

ధ్రువం దారికి ఇంకా షరతులు ఉన్నాయి. విమానాలు వాడే జెట్ ఇంధనం రకాన్ని బట్టి మైనస్ 40 లేదా మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. బయట చలి అంతకంటే ఎక్కువ ఉన్న రోజులుంటాయి కాబట్టి ట్యాంకు ఉష్ణోగ్రత చూసుకుంటూ పోవాలి. అయస్కాంత దిక్సూచి అక్కడ పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం, ఇంజిన్ మొరాయిస్తే దిగడానికి దారి పొడవునా ఏదో ఒక విమానాశ్రయం అందుబాటులో ఉండాలి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు చివర మగదాన్‌లో దిగింది. ఆ ప్రయాణికులు ఇంకో విమానం వచ్చేదాకా అక్కడే ఉన్నారు. ఇంకో సంగతి, 2022 నుంచి యూరప్, అమెరికా కంపెనీల విమానాలకి రష్యా గగనతలం మూసేసి ఉంది. దారం గీసిన దారి మీద ఇన్ని తాళాలు.

అయితే ఇక్కడే నేను అనుకోనిది ఒకటి తేలింది. లండన్ మీదుగా రావడం పెద్ద చుట్టు అనుకున్నాను. లెక్క కడితే డాలస్–లండన్ సుమారు 7,630 కిలోమీటర్లు, లండన్–హైదరాబాద్ సుమారు 7,750. మొత్తం 15,380. నేరు దారి కంటే 960 మాత్రమే ఎక్కువ. అంటే ఏడు శాతం కూడా లేదు. దుబాయ్ మీదుగా చూసినా ఇంచుమించు అంతే, 15,470 దాకా. విమానం వేగంతో చూస్తే ఈ చుట్టు విలువ ఒక గంట పైచిలుకు. అన్న ఆలస్యానికి కారణం చుట్టుదారి కాదన్నమాట.

గాలి లెక్క

నేను వేసిన 900 సంగతి చూద్దాం. అది విమానం చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం. నేలతో పోల్చిన వేగం వేరు. గాలి వెనక నుంచి 150 వేగంతో తోస్తే నేల మీద 1050 పడుతుంది, ఎదురుగా వస్తే 750. నది ప్రవాహంలో పడవ లెక్కలు ఇంటర్లో చేసినవే, పేర్లే మారాయి.

ఎనిమిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీములని గాలి నదులు పారుతుంటాయి. చలికాలంలో వాటి జోరు ఎక్కువ. ఉత్తరాన చల్లటి గాలికీ దక్షిణాన వెచ్చటి గాలికీ మధ్య తేడా పెరిగేకొద్దీ అవి బలపడతాయి, భూభ్రమణం వాటిని తూర్పుకి తిప్పుతుంది. అందుకే డాలస్ నుంచి లండన్‌కి అన్న 8 గంటల 40 నిమిషాల్లో వచ్చాడు. తిరిగి వెళ్ళేటప్పుడు అదే దూరానికి 10 గంటల 15 నిమిషాలు పట్టింది.

చాలామంది దీన్ని "భూమి తిరుగుతోంది కాబట్టి ఊరే ఎదురొస్తుంది" అని చెప్తారు. అది తప్పు. భూమితో పాటు గాలి, గాలిలో విమానం, అన్నీ కలిసే తిరుగుతున్నాయి. కదిలే రైల్లో పైకి ఎగిరితే మనం వెనక బోగీలో పడం కదా. భూభ్రమణం గాలుల్ని మలుపు తిప్పుతుంది, ఆ గాలులు విమానాన్ని తోస్తాయి. అంతవరకే.

గాలి ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట్లో పడమటికి, అట్లాంటిక్ మీదుగా వెళ్ళేది. సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా దాన్ని తూర్పుకి, పసిఫిక్ మీదుగా తిప్పింది. దూరం సుమారు 15,300 అయింది. అంటే 1,400 పెరిగింది. టైమ్ మాత్రం తగ్గి పద్నాలుగున్నర గంటలకి వచ్చింది. తిరుగు ప్రయాణం మళ్ళీ అట్లాంటిక్ మీదుగా, అంటే అదీ తూర్పుకే. పోను రాను కలిపితే భూమి చుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణ. ఎక్కువ దూరం, తక్కువ సమయం. "దూరం బై వేగం" అని కళ్ళు మూసుకుని భాగించేవాళ్ళకి, అంటే నాలాంటివాళ్ళకి, ఇది మంచి పాఠం.

ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. విమానం అంతసేపూ 900 మీద పోదు. గేటు నుంచి రన్‌వేకి నెమ్మదిగా పాకాలి. పది వేల అడుగుల కింద సాధారణంగా గంటకి 250 నాట్లు, అంటే 460 కిలోమీటర్లు దాటకూడదు. ఎక్కడం, దిగడం, వరుసలో వేచి ఉండటం అన్నీ కలిపి సగటు తగ్గుతుంది. అన్న ప్రయాణంలో రెండు విమానాల్లో గడిపిన సమయం 17 గంటల 55 నిమిషాలు, సగటు వేగం 860 దాకా. నేను చెప్పిన 16 కి రెండు గంటలే తేడా. అక్కడిదాకా నా లెక్క అంత పాడుగా ఏం లేదు.

గడియారం లెక్క

అన్న పంపిన టిక్కెట్టు చూసి నాన్న ఇంకో రకంగా కంగారుపడ్డాడు. సోమవారం రాత్రి 9:40కి డాలస్‌లో బయలుదేరడం, బుధవారం పగలు 11:15కి హైదరాబాద్‌లో దిగడం. "రెండు రోజులా!" అన్నాడు. వేళ్ళ మీద లెక్కపెడితే 37 గంటల 35 నిమిషాలు కనిపిస్తుంది.

టిక్కెట్టు మీద ఎప్పుడూ ఆ ఊరి టైమే రాస్తారు. ప్రయాణ సమయం కావాలంటే రెండిటినీ ఒకే గడియారంలోకి మార్చాలి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. మన ఇండియా టైమ్ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. మన కాకినాడకి దగ్గరగా పోయే రేఖ అదే. 82.5ని 15తో భాగిస్తే అయిదున్నర. గ్రీనిచ్ కంటే మనం అయిదున్నర గంటలు ముందు. డాలస్ చలికాలంలో గ్రీనిచ్ కంటే 6 గంటలు వెనక. కలిపితే 11 గంటల 30 నిమిషాల తేడా. 37:35లోంచి 11:30 తీసేస్తే 26 గంటల 5 నిమిషాలు. ఇదీ అసలు ప్రయాణం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా గడియారాలు గంట ముందుకి జరుపుతారు కాబట్టి అప్పుడు తేడా పదిన్నరే. హైటెక్ సిటీలో పనిచేసేవాళ్ళ రాత్రి మీటింగులు ఏడాదికి రెండుసార్లు గంట అటూ ఇటూ జరిగేది ఇందుకే.

అటు పోయేటప్పుడు దీనికి ఉల్టా. అన్న శుక్రవారం తెల్లవారుజామున 3 గంటలకి మా ఇంట్లో బయలుదేరి, శుక్రవారం రాత్రే వాళ్ళింటికి చేరాడు. క్యాలెండరు చూస్తే ఒక్క రోజు. నిజానికి 30 గంటలు.

నేల మీద పద్నాలుగు గంటలు

ఇప్పుడు మొత్తం ముక్కలు ముక్కలుగా పెడతాను.

ఫోన్ వచ్చినప్పటి నుంచి విమానం కదిలేదాకా: 4 గంటలు. ఆఫీసు నుంచి ఇల్లు, పాస్‌పోర్టు, టిక్కెట్టు వెతకడం, ఎయిర్‌పోర్టుకి పోవడం, సెక్యూరిటీ. ఇది చాలా త్వరగా అయినట్టే.
డాలస్ నుంచి లండన్: 8 గంటల 40 నిమిషాలు.
లండన్‌లో ఆగడం: 8 గంటల 10 నిమిషాలు.
లండన్ నుంచి హైదరాబాద్: 9 గంటల 15 నిమిషాలు.
శంషాబాద్‌లో దిగి కొండాపూర్ చేరడం: 1 గంట 45 నిమిషాలు.

మొత్తం 31 గంటల 50 నిమిషాలు. గాలిలో 17:55, నేల మీద 13:55. నా లెక్కలో నేల మీద సమయం సున్నా. నా తప్పు ఇదీ.

లండన్‌లో ఎనిమిది గంటలు ఎందుకు ఆగాలి? అది ఎవరో బద్ధకంగా ఉండి చేసిన పని కాదు. ఒక రోజు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నేరుగా పోయేవాళ్ళతో రెండు వందల పైచిలుకు సీట్లు ప్రతిరోజూ నిండటం కష్టం. అందుకే కంపెనీలు అన్ని ఊళ్ళ వాళ్ళనీ ఒక పెద్ద జంక్షన్‌కి చేర్చి అక్కడి నుంచి పంచుతాయి. కాజీపేటలో దిగి బండి మారినట్టే. కానీ జంక్షన్ నుంచి మన ఊరికి రోజుకి ఒకటో రెండో విమానాలే ఉంటాయి. మనం దిగే టైమూ అది కదిలే టైమూ కలిస్తే రెండు గంటలు, కలవకపోతే ఎనిమిది, పది. ముందుగా ప్లాన్ చేసుకుంటే మంచి కనెక్షన్ ఏరుకోవచ్చు. అన్న తిరిగి వెళ్ళేటప్పుడు లండన్‌లో మూడున్నర గంటలే ఆగాడు. కానీ ఇలాంటి కబురు విన్నవాడు ఏరుకోడు. ముందు కనపడిన సీటు ఎక్కుతాడు.

ఆఖరి ముక్క మనందరికీ తెలిసిందే. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారింది. హైటెక్ సిటీ నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఔటర్ రింగు రోడ్డు మీద గచ్చిబౌలి దాకా అరగంటలో వచ్చారు. గచ్చిబౌలి నుంచి కొండాపూర్ దాకా నలభై నిమిషాలు పట్టింది. పదిహేను వేల కిలోమీటర్లు దాటి వచ్చినవాడు కొత్తగూడ సిగ్నల్ దగ్గర నుంచి ఫోన్ చేసి "దిగి నడిచొచ్చేయనా?" అన్నాడు.

ఆ రాత్రి బాల్కనీలో

మంగళవారం రాత్రి పదిన్నరకి నిద్ర పట్టక బాల్కనీలోకి వచ్చాను. హైటెక్ సిటీ వైపు టవర్లన్నీ వెలుగుతున్నాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టూ రాళ్ళూ పొదలే ఉండేవని తాతయ్య చెప్పేవారు. ఇప్పుడు రాత్రి పదిన్నర అంటే డాలస్‌లో పొద్దున పదకొండు. ఆ అద్దాల వెనక ఎంతోమంది అటువైపు వాళ్ళతో మాట్లాడుతూ ఉంటారు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. సముద్రం అడుగు కేబుళ్ళ చుట్టూ తిరిగినా మాట అక్కడికి పోయి జవాబు రావడానికి పావు సెకను అటూ ఇటూ.

మన సైబరాబాద్ మొత్తం ఆ పావు సెకను మీద కట్టుకున్నదే. రోజూ వీడియో కాల్‌లో అన్న నాయనమ్మతో "తిన్నావా" అంటాడు, ఆమె "తిన్న బిడ్డా" అంటుంది. పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది. అలా అలవాటైపోయి దూరం తగ్గిందనుకుంటాం. తగ్గింది మాటకి. మనిషికి కాదు. మాట పావు సెకనులో వస్తుంది, మనిషి రావడానికి 32 గంటలు కావాలి. మామూలు రోజుల్లో ఈ తేడా కనపడదు. ఇంట్లో ఫ్రీజర్ బాక్స్ తెచ్చిన రోజు కనపడుతుంది.

అందుకే ఎవరైనా అడిగితే కిలోమీటర్లు చెప్పకండి. నాలుగు అంకెలు కలిపి చెప్పండి. ఇల్లు వదిలి విమానం కదిలేదాకా ఎంత, గాలిలో ఎంత, మధ్యలో ఆగేది ఎంత, దిగాక ఇంటికి ఎంత. టిక్కెట్టు చేతికి రాకముందే చెప్పాల్సి వస్తే డాలస్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ఏదైనా సరే "ముప్పై గంటలు అనుకోండి, టిక్కెట్టు చూసి మళ్ళీ చెప్తా" అనండి. తక్కువ చెప్పి ఓదార్చాలని మాత్రం చూడకండి. ఎదురుచూసేవాళ్ళకి నిజమైన టైమ్ తెలిస్తే కాస్త నడుం వాల్చుకుంటారు. తప్పు టైమ్ చెప్తే తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు.

అన్న తిరిగి వెళ్ళిన శుక్రవారం నాయనమ్మ మళ్ళీ అడిగింది. "ఎప్పటికి చేరుతడు రా?" ఈసారి కాగితం మీద రాసుకున్నాను. మూడింటికి బయలుదేరడం, ఏడింటికి విమానం, పది గంటల పావు, మూడున్నర, మళ్ళీ పది గంటల పావు, రెండు గంటలు. "రేపు పొద్దున తొమ్మిదింటికి ఇంటికి చేరతాడు నాయనమ్మా. ఈలోపు ఫోన్ రాకపోయినా కంగారు పడకు" అని చెప్పాను.

ఆ రాత్రి ఆమె పడుకుంది. శనివారం పొద్దున 9:20కి ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేశాక గోడ గడియారం వైపు చూసి, "ఇరవై నిమిషాలే తప్పినవ్, పర్లే" అంది.